ముడతల బట్ట

మా పెద్ద తాత ఐలయ్య గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని కులసంఘం వాళ్లు రెండుసార్లు మా ఇంటికొచ్చారు. రాయదుర్గం నేతగాళ్ల మీద పుస్తకం వేస్తున్నారట. గుంట మగ్గం మీద రెండు పొరల రబ్బరు బట్ట నేసిన మనిషి మన కులంలో ఉన్నాడని వాళ్లెక్కడో విన్నారు. నిజమే, నేశాడు. ఆ బట్టను నమ్ముకునే మా తాత చచ్చిపోయాడు. అది కూడా రాస్తానంటే కార్యదర్శి గొంతు సవరించుకుని, "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాడు. వాళ్ల పుస్తకం వాళ్లు వేసుకోనీ. నేనిక్కడ రాస్తున్నాను.

మా తాత పేరు పెంటయ్య. ఐలయ్యకు సొంత తమ్ముడు. నేను పుట్టేటప్పటికి ఇద్దరూ లేరు. ఈ సంగతంతా మా అమ్మమ్మ రుక్కమ్మ చెప్పింది, పెంటయ్య భార్య. ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెప్పేది. ఏడ్చేది కాదు. బియ్యంలో రాళ్లేరుకుంటూ, ఊళ్లో ఇంకెవరిదో ముచ్చట చెప్తున్నట్టు చెప్పేది.

అన్నదమ్ములిద్దరికీ చెరో మగ్గం ఉండేది. యుద్ధం రోజుల్లో నూలు మీద కంట్రోలు పెట్టారు. యుద్ధం అయిపోయింది, కంట్రోలు మాత్రం పోలేదు. ఆ ఇంటికి సర్కారు చిట్టీ మీద వచ్చే నూలు ఒక్క మగ్గానికి కూడా చాలీచాలకుండా ఉండేది. ఇద్దరిలో ఒకరు నేత మానాలి. పెద్దవాడు మానతాడా? పెంటయ్యే మానాడు. "నాకు బలముంది అన్నా, నువ్వు మగ్గం చూస్కో" అని గుట్టల మీద రాళ్లు కొట్టే పనికి పోయాడు. తమ్ముణ్ణి పొమ్మని ఎవరూ అనలేదని ఐలయ్య తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. ఎవరూ వద్దని కూడా అనలేదు. ఆ మాట చెప్పుకోలేదు.

రాయదుర్గం గుట్టలంటే ఇవాళ అద్దాల బిల్డింగులే కనిపిస్తాయి. అప్పుడక్కడ బండలు పగలగొట్టి గడపరాళ్లు, కంచెకు పాతే కడీలు చేసి బండ్లకెత్తేవాళ్లు. పుట్టినప్పటినుంచీ ఆ పనిలో ఉన్నవాళ్ల ఒళ్లు వేరు. మా తాతది మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న ఒళ్లు. ఏడాదిన్నర తిరిగేసరికి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ లేచింది. పడుకుంటే లోపలికి పోయేది, లేచి బరువెత్తితే బయటికొచ్చేది. అది గడ్డ కాదు, పేగు. ఈ సంగతి పట్నం దవాఖానలో చెప్పారు.

దవాఖానకు ఐలయ్యే తీసుకుపోయాడు. కోసి కుట్టాలి, తర్వాత మూడు నెలలు బరువు ముట్టొద్దు అన్నాడు డాక్టరు. మూడు నెలలు పోకపోతే మేస్త్రి ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. పెంటయ్య కాళ్లావేళ్లా పడితే డాక్టరు విసుక్కుని, సరే, అప్పటిదాకా నడుముకూ గజ్జకూ ఒత్తిపట్టే పట్టీ కట్టుకో, పని తగ్గించు అన్నాడు. బయటికి వస్తుంటే వెనక్కి పిలిచి ఒక మాట గట్టిగా చెప్పాడు. పేగు బయటికొచ్చి మళ్లీ లోపలికి పోకపోతే, వాంతులు మొదలైతే, ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకురండి. ఆ మాట అన్నదమ్ములిద్దరూ విన్నారు. గుర్తుపెట్టుకోండి, ఇద్దరూ విన్నారు.

ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో అలాంటి పట్టీలు చూశారు. ఒకటి తోలుదీ ఇనుప స్ప్రింగుదీ, రాళ్లు మోసేవాడి తొడ కోసేసేలా ఉంది. ఇంకొకటి బట్టది. ఐలయ్య దాన్ని లాగాడు, సాగింది. వదిలాడు, మళ్లీ మొదటికొచ్చింది. ముప్పై ఏళ్లు నేసిన మనిషి, బట్ట అలా చెయ్యడం ఎన్నడూ చూడలేదు. పది సార్లు లాగి, తిరగేసి, అంచు దగ్గర గోటితో గీకి చూస్తుంటే దుకాణదారు చేతిలోంచి గుంజుకున్నాడు. కొనే తాహతు లేదని మొహం చూస్తేనే తెలుస్తుంది కదా. ఐలయ్యకు అవమానం కూడా అనిపించలేదు. రాయదుర్గం దాకా నడుస్తూ, "లోపల రబ్బరుందిరా, దారం చుట్టిన రబ్బరు. గంతే. మనం నెయ్యమా?" అంటూనే ఉన్నాడట.

తర్వాతి గురువారం జుమేరాత్ బజార్లో పాత బట్టల కుప్పలు వెతికి, సిపాయిలు లాగు జారకుండా భుజాల మీదుగా వేసుకునే గాలిసులు ఒక మూటెడు తెచ్చాడు. వాటిని విప్పితే పేగుల్లా రబ్బరు దారాలు వచ్చాయి. ఒక్కోదాని చుట్టూ సన్నటి నూలు చుట్టి ఉంది.

ఇక్కడ నేను ఆయన్ని మెచ్చుకోవాలి, తప్పదు. ఆ బుర్ర మామూలు బుర్ర కాదు. ఒట్టి రబ్బరు బట్ట చాలదని రెండు రోజుల్లోనే తెలుసుకున్నాడు. రబ్బరు ఒత్తుతుంది కానీ గట్టిగా దగ్గితే అదీ సాగిపోతుంది, పేగు దాన్ని తోసుకుని వచ్చేస్తుంది. ఒట్టి నూలు పట్టీ సాగదు, కానీ ఒత్తదు. కాబట్టి రెండూ కావాలి, ఒకదాని మీద ఒకటి. లోపలి పొర రబ్బరుది, ఒంటిని ఒత్తిపట్టడానికి. బయటి పొర గట్టి నూలుది, రబ్బరు హద్దు దాటకుండా ఆపడానికి. రెంటినీ అంచుల్లో కలిపి నేసి, మధ్యలో గజ్జ దగ్గర ఒక సంచిలాగా వదిలి, అందులో దూది మెత్త పెట్టాలి. నేల మీద జొన్నలూ శనగలూ వరసలుగా పరిచి, జొన్న అంటే నూలు, శనగ అంటే రబ్బరు అనుకుంటూ, ఏ దారం ఎప్పుడు లేవాలో ఏది కింద ఉండాలో లెక్క చూసుకున్నాడు. నిలువు దారాలను మేం పడుగు అంటాం. నూలు పడుగు ఎప్పటిలాగే మగ్గానికి కట్టి, రబ్బరు పడుగును విడిగా వెనక్కి లాగి రాయి వేలాడగట్టాడు. రబ్బరు సాగి ఉండగానే నెయ్యాలి. ఇదంతా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేస్తున్నంతసేపు బట్ట అద్దంలా చదునుగా ఉంది. కోసి మగ్గం మీంచి తీశాడో లేదో, లోపలి రబ్బరు ముడుచుకుంది, పైనున్న నూలు పొర నిండా ముడతలు లేచాయి. వీధిలో పెద్ద నేతగాడు వెంకటనారాయణ వచ్చి చూసి పగలబడి నవ్వాడు.

"ఏంది ఐలయ్యా, పట్టీ నేసినవా, ఎండు మిరపకాయ నేసినవా? పడుగుకు గంజన్న పెట్టినవా లేదా?"

పెట్టలేదు. ఎలా వస్తుందో చూద్దామన్న తొందరలో గంజి పెట్టకుండానే నేశాడు. మాలో అది సిగ్గుమాలిన పని, తలస్నానం చెయ్యకుండా పీటల మీద కూర్చున్నట్టు. ఐలయ్య మొహం మాడిపోయింది. అయినా ఆ ముడతల పట్టీనే తమ్ముడికి కట్టాడు.

అది పనిచేసింది. ఎనిమిది నెలలు పనిచేసింది. పెంటయ్య రాళ్లెత్తాడు, దగ్గాడు, తుమ్మాడు, పేగు ఉన్నచోటే ఉంది. "అన్నా, గడ్డ ఏడబోయిందో చేతికి దొర్కుతనే లేదు" అని నవ్వేవాడట. ఆ ఎనిమిది నెలలూ మా అమ్మమ్మ జీవితంలో నిశ్చింతగా బతికిన రోజులు. మా అమ్మ భాగ్యమ్మ అప్పుడే కడుపున పడింది.

చందానగర్ బజార్లో బస్తాలు మోసే హమాలీ రామన్న అని ఒకతనుండేవాడు. ఆయనకూ ఇదే బాధ. పెంటయ్య పట్టీ చూసి, తనకూ ఒకటి నేసివ్వమని ఐలయ్యను బతిమాలాడు. పెంటయ్య పట్టీకి కూడా చెమటకు నూలు పొర పీచు లేచి, తొడ ఒరుసుకుపోతోంది. దాంతో ఐలయ్య రెండు పట్టీలకు సరిపడా పడుగు పోశాడు. ఈసారి ఎవడూ నవ్వకూడదు. ఈసారి పద్ధతిగా చెయ్యాలి.

పద్ధతి అంటే గంజి. జొన్న గంజి కాచి, అందులో నువ్వుల నూనె కలిపి, వీధిలో పడుగు బారుగా చాపి, కుంచెతో పట్టించాలి. నూనె లేకపోతే నూలు పెళుసెక్కి తెగుతుంది. గంజి కాచడం ఐలయ్య భార్య బుచ్చమ్మ పని. కుంచెకు ఇద్దరు కావాలి, చెరో కొస పట్టుకుని నడవాలి. ఒక కొస బుచ్చమ్మ పట్టింది. రెండో కొస మా అమ్మమ్మ పట్టింది, ఆరో నెల కడుపుతో.

"రబ్బరుక్కూడ గంజేందయ్యా?" అని బుచ్చమ్మ అడిగింది.

"గంజి పెట్టని పడుగును మగ్గమెక్కిస్తె మల్ల నవ్వరా? పెట్టు. నూనె జర ఎక్కువనే పొయ్యి. రబ్బరు ఎండితె పగుల్తది" అని చెప్పి ఐలయ్య మగ్గం దగ్గరికి పోయాడు.

ఆమె రెండింతలు పోసింది. మరిదికి కట్టే పట్టీ కదా, మెత్తగా ఉండాలని. మా అమ్మమ్మ కూడా వేలితో ముట్టి చూసి, ఇంకొంచెం పొయ్యమంది.

ఈ కాలంలో సైకిల్ పంక్చర్లు వేసే ఎవడినడిగినా చెప్తాడు, రబ్బరుకు నూనె తగలనివ్వొద్దని. 1948లో రాయదుర్గం నేత వీధిలో ఆ ముక్క చెప్పేవాడు ఒక్కడు లేడు. వాళ్లకు తెలిసిందల్లా నూలు. నూలుకు నూనె మంచిది.

పట్టీలు బ్రహ్మాండంగా వచ్చాయి. మెత్తగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ముడతలు లేచాయి కానీ మొదటిదానంత లేవు. ఉగాదికి ముందు ఒకటి తమ్ముడికిచ్చి, ఒకటి రామన్నకిచ్చాడు. పాత ముడతల పట్టీని తమ్ముడి దగ్గర తీసేసుకుని గోడకున్న మేకుకు తగిలించాడు. దాని మొహం చూడాలంటేనే ఆయనకు నామోషీగా ఉండేది.

నెలన్నరకు కొత్త పట్టీ మీద ముడతలన్నీ పోయాయి. నేనీ కథలో దీన్ని మాత్రం క్షమించలేను. ముడతలు పోవడమంటే లోపలి రబ్బరు లాగడం మానేసిందని అర్థం. ఆ బట్ట లెక్క వేసినవాడికి, జొన్నలూ శనగలూ పేర్చినవాడికి, అది తెలియాలి. కానీ నేతగాడి కంటికి చదునైన బట్ట అంటే మంచి బట్ట. ఐలయ్య దాన్ని అరచేత్తో నిమిరి, "గిప్పుడు బట్టయింది" అన్నాడు. వెంకటనారాయణను పిలిచి మరీ చూపించాడు. ఆయన కూడా నిమిరి తలాడించాడు. ఇద్దరు పెద్ద పనివాళ్లు నిలబడి, చచ్చిపోయిన బట్టను ముద్దు చేశారు.

పెంటయ్య చెప్పకపోలేదు. "అన్నా, జర వదులైనట్టుంది" అన్నాడు.

"వదులు కాదురా, ఒంటికి అమరింది. ఇంకో ముడెయ్యి" అన్నాడు అన్న.

ఇంకో ముడి వేసుకున్నాడు. బయటి నూలు పొర గట్టిగా బిగిసేది కాబట్టి చేత్తో పట్టుకుంటే పట్టీ బిగువుగానే ఉన్నట్టు అనిపించేది. లోపల ఏముందో పైపొర కనపడనివ్వలేదు.

మే నెల ఎండల్లో ఒక పొద్దున గడపరాయి ఎత్తుతూ పెంటయ్య కూలబడ్డాడు. పనివాళ్లు మోసుకుని ఇంటికి తెచ్చారు. గజ్జలో గడ్డ ఈసారి పిడికిలంత ఉంది, రాయిలా ఉంది, ఒత్తితే లోపలికి పోవడం లేదు. పెంటయ్య ఇంటికొచ్చి చెప్పిన డాక్టరు మాట మా అమ్మమ్మకు గుర్తుంది. బండి కట్టమంది. ఐలయ్య వంగి పట్టీ సర్దాడు, మెత్త గడ్డ మీదకు తెచ్చి, మోకాలు ఆనించి మరీ బిగించాడు.

"ఎండల గంత దూరం ఏం పోతం? పట్టీ ఉంది గద, మెల్లగ అదే లోపల్కి తోస్తది. ఎన్మిది నెలలు ఆపలేదా?" అన్నాడు.

"డాక్టరు ఒక్క పూట గూడ ఆగొద్దన్నడు గద బావా?"

"పొద్దుగూకెదాక చూద్దాం రుక్కమ్మా. నేను నేసింది నాకు తెల్వదా?"

మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. అప్పుడు ఐలయ్యకు భయం పట్టుకుంది. పరుగెత్తి బండి కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఆ రోజుల్లో పట్నం దారిలో గడబిడలు, ఎద్దులను బయటికి తియ్యడానికి ఎవరూ ధైర్యం చెయ్యలేదు. బండి దొరికేసరికి తెల్లారింది. తోలిచౌకి దాటకముందే మా తాత ప్రాణం పోయింది. ఇరవై తొమ్మిదేళ్లు.

స్నానం చేయించేటప్పుడు పట్టీ ముడి ఊడిరాలేదు. ఐలయ్యే చాకుతో కోశాడు. కోసిన పట్టీని పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు గడపలో కూర్చుని దాని అంచు విప్పాడు. రబ్బరు దారం దారంగా రాలేదు. బంక బంకగా వేళ్లకంటుకుంది, నువ్వుల నూనె వాసన కొట్టింది. లేచి వెళ్లి మేకుకున్న పాత పట్టీని తీసి లాగాడు. అది సాగి, టక్కున వెనక్కొచ్చింది. గంజి లేనిది, నూనె లేనిది, అందరూ నవ్విన పట్టీ అది. బుచ్చమ్మ చూస్తూ నిలబడింది. ఆమెకు కూడా చెప్పకుండానే అర్థమైంది.

ముందుగా మాట్లాడింది బుచ్చమ్మే. "రుక్కమ్మకు చెప్పకయ్యా. నీ కాళ్లు మొక్కుత. పోసింది నా చెయ్యి."

"చెప్ప. కని రామన్న దగ్గర ఇంకోటుంది" అన్నాడు ఐలయ్య.

ఎండలో చందానగర్ నడిచిపోయాడు. రామన్న బస్తాల మధ్య దొరికాడు. పట్టీ తిరిగిచ్చెయ్యమంటే ఒప్పుకోలేదు, ఇచ్చింది మళ్లీ గుంజుకుంటావా అని కేకలేశాడు. పట్టీ చదునుగా, అందంగా ఉంది. ఇక ఐలయ్యకు దారి లేదు.

"గిదే నా తమ్ముణ్ణి తిన్నది. లోపల రబ్బరు మురిగింది. నూనె పెట్టి నేనే మురగబెట్టిన" అన్నాడు, బజార్లో నలుగురు వింటుండగా.

రామన్న అక్కడికక్కడే విప్పి ఆయన మొహాన కొట్టాడు. రామన్న భార్య సీతాబాయిది తెల్లాపూర్, మా అమ్మమ్మ పుట్టిన ఊరే. మాట ఇక ఆగదు. రేపో ఎల్లుండో రుక్కమ్మ చెవిన పడుతుంది. ఎవరో చెప్పేకంటే తనే చెప్పడం మేలనుకున్నాడు పెద్ద తాత. సంఘం వాళ్లు ఇక్కడిదాకా రాయనిస్తే, నిజాయితీపరుడు అని ఒక మాట కలుపుతారు. నిజాయితీయే కావొచ్చు. మోయలేక దించుకోవడం కూడా కావొచ్చు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. మా అమ్మమ్మ వసారాలో కండెలకు నూలు చుడుతోంది. నిండు నెలలు. తినేది బావ ఇంట్లో, చేసేది బావ మగ్గం పని. ఐలయ్య ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. రబ్బరుకు నూనె పడదని తనకు తెలియలేదన్నాడు. ముడతలు పోతే సంతోషపడ్డానన్నాడు. బండి కట్టనివ్వలేదన్నాడు. బుచ్చమ్మ పేరు మాత్రం రానివ్వలేదు. "నూనె నేనే పోసిన" అన్నాడు.

రుక్కమ్మ చుట్టడం ఆపింది.

"ఆ పొద్దు నువ్వు గంజి కాడనే లేవు బావా. అక్క పోసింది. ఇంకింత పొయ్యి అన్నది నేను. కుంచె పట్టి దారం దారానికి ఎక్కిచ్చింది నేను."

ఐలయ్యకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. పట్టీ తనది, తప్పు తనది, శిక్ష తనది అనుకుంటూ చందానగర్ నుంచి నడిచొచ్చాడు. ఆడవాళ్ల పనిలో ఎవరి చెయ్యి ఎక్కడుందో ఆయన ఎప్పుడైనా చూశాడా? ఆయన గబగబా, "నీకేం తెల్సు రుక్కమ్మా, నీది తప్పు గాదు, చెప్పింది నేను" అన్నాడు. రెండు మూడుసార్లు అన్నాడు.

ఆమె కోప్పడలేదు. కోప్పడి లేచిపోవడానికి వేరే ఇల్లు లేదు.

"గీ పన్నెండు రోజులు ఆయన్నే తిట్టుకున్న. వద్దంటె ఆ రాయి ఎందుకెత్తిండని. తిట్టుకుంట బత్కుదుననుకున్న" అంది. మళ్లీ కండె చేతిలోకి తీసుకుని, "చెప్పినవు గద బావా. ఇగ నీకు నిద్ర పడ్తది, పో" అంది.

ఆ మాట నిజమైంది. పన్నెండు రోజులుగా కన్ను మూయని మనిషి ఆ రోజు అన్నం కూడా తినకుండా పడుకుని, మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదట. ఆయన దించుకున్నది మోస్తూ మా అమ్మమ్మ ఎనభై మూడో ఏటిదాకా బతికింది.